మోకాలెత్తు మొక్కజొన్న

కలుపు చచ్చింది. పంట కూడా దాంతోపాటే పోయినట్టుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో మొక్కజొన్న ఆకులు అంచుల దగ్గర మాడి, మిగతాదంతా పసుపెక్కి వేలాడుతున్నాయి.

కౌలురైతు గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. భార్య సాళ్ల మధ్య తిరుగుతోంది.

"సాయంత్రం పొలం ఆసామి వస్తాడే. ఏ మొహం పెట్టుకుని చూపిస్తాం?" అన్నాడు.

"మన మొహం చూడ్డానికి కాదుగా వచ్చేది."

ఈ పొలానికి కౌలు కాగితం లేదు. మొక్క మోకాలెత్తు పెరిగాక ఆసామి వచ్చి చూస్తాడు. నచ్చితే కోత దాకా ఉంచుతాడు, లేకపోతే నిలబడ్డ పంటతో సహా ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అడిగేవాడు లేడు.

కలుపు మందు కోసం కౌలురైతు వెళితే మందుల షాపతను పక్కన టానిక్ సీసా పెట్టాడు. అది తీసుకుంటేనే ఇది అన్నాడు. "రెండూ ఒకే ట్యాంకులో పోసి కొట్టించు. కలుపు చస్తుంది, పంటకి బలమొస్తుంది. రెండుసార్లు కూలి దేనికి?" మందు కొట్టేవాడికి ట్యాంకుకింత అని ఇవ్వాలి కాబట్టి ఆ మాట నచ్చింది. తీరా టానిక్ బలం ఇవ్వలేదు సరికదా, మందుని మొక్క ఆకుల్లోకి ఇంకా లోతుగా లాగింది.

పొద్దున వెళ్లి అడిగితే షాపతను మాట మార్చేశాడు. "కలపమన్నానా? కలుపు మందు ముందు, పంట తేరుకోడానికి టానిక్ తర్వాత అన్నాను. నీ చెవుల్లో కూడా కలుపు పెరిగినట్టుంది."

షాపులో అందరూ నవ్వారు. వాళ్లతోపాటు కౌలురైతూ నవ్వాడు.

ఇప్పుడు భార్య ఒక మొక్క దగ్గర కూర్చుని పై ఆకులు విప్పింది. లోపల కొత్త ఆకులు చుట్టుకుని ఉన్న సుడి లేతగా, తడిగా, పచ్చగా ఉంది.

"చావలేదయ్యా. ఒక తడి నీళ్లిస్తే లేస్తుంది."

"ఆసామి సుడి విప్పి చూస్తాడా?"

ఎండ తగ్గుతుండగా బండి వచ్చింది. నడుపుతున్నది మందుల షాపతను. వెనక ఆసామి.

ఆసామి బండి దిగలేదు. షాపతను చేలోకి వచ్చాడు, ఒక మొక్క విరిచి గోటితో సుడి చీల్చాడు. చూశాడు. పిడికిట్లో నలిపి కింద పడేశాడు.

"వేరు దాకా పోయిందండీ. మీకు నష్టం రాకుండా ఈ పొలం నేను చేసుకుంటాలెండి."

"అబద్ధం," అంది ఆమె. "అయ్యా, ఒక్కసారి దిగి చూడండి. సుడి బతికే ఉంది."

"మందులమ్మేవాడికి తెలీదా అమ్మా?" అన్నాడు ఆసామి, విసుగు లేకుండానే. "సరే, నువ్వే చేసుకో," అన్నాడు షాపతనితో. ఆ మాటతో కౌలు తెగిపోయింది. ఆయన ఫోన్ మోగింది. మాట్లాడుతూ అటు తిరిగాడు.

షాపతను కౌలురైతు భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. "బెంగపడకు. రేపట్నించి ఇద్దరూ కూలికి రండి. ముందు తడి పెట్టు. ఆ తర్వాత టానిక్ కొడదాం, అదొక్కటే. ఈసారి ఏమీ కలపొద్దు."

కౌలురైతు ఆ చేతి వంక చూశాడు. తీసెయ్యాలనుకున్నాడు. తన చెయ్యి లేవలేదు.

"మేం రాం," అంది భార్య.

అప్పటికే కౌలురైతు తల సరేనన్నట్టు ఊగింది.