నాలుక చేప

మా పక్కింటి ఖాతూన్ బీ నోరు తెరిచిందంటే నరసరావుపేట బస్టాండు కూడా చిన్నబోవాలి. అలాంటి ఇంట్లో పుట్టిన మనవరాలు షాహీన్‌కు మూడేళ్ళు నిండినా ఒక్క మాట రాలేదు. ఆ దిగులు కోడలు షబీనాను లోలోపల తినేస్తోంది.

"నాలుక చేప పెడితే పిల్లకి నాలుక తిరుగుద్దంట" అని ఎవరో చెప్పారు. పేరులోనే నాలుక ఉంటే ఇంకేం కావాలి! షబీనా మొగుడు అక్రం లారీ మెకానిక్. బాపట్ల వెళ్ళొచ్చే డ్రైవరు చేత తెప్పించాడు. సముద్రం అడుగున ఇసుకకు అంటుకుని బతికే చేపలట. అరచేతిలో సగం లేవు, అట్టముక్కల్లా పల్చగా ఉన్నాయి. చెరువు చేపలు తప్ప ఎరగని దాన్ని, నేనూ చూడ్డానికి వెళ్ళాను.

ఖాతూన్ బీ పళ్ళెంలో చేపను తిరగేసి కెవ్వుమంది.

"యా అల్లా! ఏందిది సుబ్బరత్నం? ఈ పక్క కన్నే లేదు!"

మళ్ళీ తిప్పింది. రెండు కళ్ళూ ఒక పక్కనే ఉన్నాయి. ఆమె చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి గచ్చు మీద దభాలున పడింది. గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. వంటింట్లోంచి షబీనా పరిగెత్తుకొచ్చింది.

నులకమంచం మీద మాకు వీపు పెట్టి గ్లాసులతో ఆడుకుంటున్న షాహీన్ మాత్రం తల కూడా తిప్పలేదు.

పళ్ళెం తీసి, పిల్ల వెనగ్గా గోడకేసి కొట్టాను.

"నీకేమన్నా పిచ్చా వదినా?" అని అరిచింది ఖాతూన్ బీ.

పిల్ల కదల్లేదు.

"వదినా, దీనికి నాలుక కాదు... చెవులు" అన్నాను.

పిలిస్తే రాదు, చెయ్యి ఊపితే పరిగెత్తుకొస్తుంది. చానా మొండిది, అచ్చం నాయనమ్మే అని నవ్వుకునేవాళ్ళం. ఇంతమందిమి ఇన్ని కళ్ళు పెట్టుకుని దాని నోటివంకే చూశాం. సిగ్గుచేటు.

ఖాతూన్ బీ పిల్ల వెనక వంగి చప్పట్లు చరిచి చూసింది.

షబీనా వెళ్ళి మంచం ముందు కూలబడింది. అమ్మ కనపడగానే షాహీన్ నవ్వి, మీదెక్కి కూర్చుంది.

"రోజూ నేను పాట పాడితేగాని నిద్రపోదు గదా పిన్నీ" అంది షబీనా. "మరి ఏం వింటా నిద్రపోయేది?"

పిల్ల అలవాటుగా తల్లి గొంతు మీద అరచెయ్యి ఆనించింది.