ముప్పై ఒక్క బంతులు

చర్చి కింది గదిలో ఓరిన్ ట్వెట్ కాఫీ కప్పు అందుకున్నాడో లేదో మొదటి వాత పడింది.

"ఏమోయ్ ఓరిన్, మన జెర్సీ ఏ రంగో నువ్వు నేర్పే పిల్లాడికి చెప్పావా లేదా?" అన్నాడు మైలో సుండ్‌బీ, గుమ్మడికాయ కేకు నములుతూ. "శుక్రవారం నాలుగు బంతులు తీసుకెళ్ళి అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు. అడక్కుండానే."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఊళ్ళో ధాన్యం గోదాము మైలోది. ఓరిన్ అందులోనే పనిచేస్తాడు. కాబట్టి ఆదివారం కూడా అతని హాస్యానికి ఓరిన్ కాస్త పెదవులు సాగదీసి నవ్వక తప్పదు.

"పదహారేళ్ళవాడు. నేర్చుకుంటున్నాడు" అన్నాడు.

"నేర్చుకోనీ, ఎవరొద్దన్నారు? బెంచీ మీద కూర్చుని నేర్చుకోమను. డాల్టన్ హౌగీ ఉన్నాడుగా. విసరడం రాకపోయినా బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తుతాడు."

"డాల్టన్ పరిగెత్తితే ట్రాక్టర్ కూడా దాటిపోతుంది మైలో."

"పోనీ. బంతి మాత్రం వాడి చంకలోనే ఉంటుంది" అన్నాడు మైలో. ఈసారి నవ్వు ఇంకాస్త పెద్దగా వచ్చింది.

ఓరిన్ సగం కాఫీ వదిలేసి బయటికొచ్చాడు. ఊరు ఊరంతా ఒక పిల్లవాణ్ణి నమిలి ఉమ్మేయడానికి ఆరు శుక్రవారాలు చాలాయి. ఉత్తర డకోటాలో టోర్వాల్ అంత ఊరికి చేతినిండా పని లేదనుకుంటే పొరపాటు. బీట్ దుంపలు తవ్వే రోజులు, లారీలతో సహా మగవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ పొలాల్లోనే ఉన్నారు. అయినా బ్రెకెన్ మోయెన్ ఎలా విసిరాడో మాట్లాడుకోవడానికి అందరికీ తీరిక దొరికింది.

బ్రెకెన్ బడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్. ప్రతిసారీ బంతి ముందు వాడి చేతికే వస్తుంది. అవతలివాళ్ళు వచ్చి మీద పడేలోపు, మూడు క్షణాల్లో, తనవాళ్ళలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి విసరాలి. ఆరు మ్యాచ్‌లలో ఐదు పోయాయి. ఇంకా మూడే ఉన్నాయి. ఆ మూడింటి తర్వాత టోర్వాల్ జట్టే ఉండదు. జట్టుకు తొమ్మిదిమంది చొప్పున ఆడించినా పిల్లలు చాలక, వచ్చే ఏడు గ్రేడన్ బడితో కలిపేస్తున్నారు. గ్రేడన్‌కు మంచి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. ఈ మూడు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చున్న కుర్రాడిని అక్కడెవరూ కన్నెత్తి చూడరు. అంటే బ్రెకెన్ ఈ మూడు శుక్రవారాలూ విసరకపోతే ఇక ఈ జన్మలో విసరడు.

ఆ సంగతి ఓరిన్‌కు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. తొంభై నాలుగులో వాడి వయసులో, వాడి చోట ఓరినే ఉండేవాడు. ఐదో మ్యాచ్ తర్వాత కోచ్ లైల్ బాకీ ఒక సోమవారం ఉదయం, ఆ వారం ఎవరెవరు ఏ చోట ఆడాలో రాసిన కాగితం గోడ మీద అంటించాడు. క్వార్టర్‌బ్యాక్ గడిలో ఓరిన్ పేరు లేదు. కారణం చెప్పలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర అతను జట్టులో చేసిందల్లా, బంతిని కాలితో తన్నేవాడి ముందు మోకాలి మీద కూర్చుని, ఆ బంతిని నేల మీద వేలితో నిలబెట్టి పట్టుకోవడం. బంతి అతని వేలి కింది నుంచి ఎగిరిపోయేది. జనం తన్నినవాడి పేరు పెట్టి అరిచేవారు.

ఇప్పటికి ముప్పై ఏళ్ళు. ఇంకో నాలుగు మ్యాచ్‌లు ఆడించి ఉంటే ఏమయ్యేదోనని అతను ఇప్పటికీ అనుకుంటాడు. గోదాములో మొక్కజొన్న ఆరబెట్టే యంత్రం రొద మధ్య నిలబడి, ఎవరూ చూడకుండా కుడిచేయి వెనక్కి తీసి ముందుకు విసురుతాడు. నలభై ఆరేళ్ళ మనిషి చేయదగ్గ పని కాదని తెలుసు. తెలిసినా చేయి ఊరుకోదు.

జీతం లేకుండా క్వార్టర్‌బ్యాక్‌లకు నేర్పడానికి పదేళ్ళ కింద ఒప్పుకున్నది కూడా ఆ చేయి కోసమే.

మధ్యాహ్నం రెండింటికి బడిలో చరిత్ర పాఠాలు చెప్పే గదిలో ఓరిన్, బ్రెకెన్, ఇప్పటికీ కోచ్‌గానే ఉన్న బాకీ ముగ్గురూ కూర్చున్నారు. బాకీకి అరవై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు రెండూ మార్పించుకున్నాడు గానీ పద్ధతి మాత్రం మార్చుకోలేదు. శుక్రవారం మ్యాచ్ వీడియోను ఆదివారం లోపల నేర్పేవాడు విడిగా, ఆడినవాడు విడిగా చూసుకుని రావాలి. బంతి చేయి వదిలిన క్షణంలో వీడియో ఆపాలి. అది ఎక్కడ పడిందో లెక్కలోకి రాదు. సరిగ్గా చూసి విసిరితే ప్లస్, లేకపోతే మైనస్. తర్వాత రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాలి. కాగితాలకు బదులు ఇప్పుడు ఏవేవో వచ్చాయని కుర్ర కోచ్‌లు చెబుతూనే ఉంటారు. బాకీ వింటూనే ఉంటాడు.

నిరుటి దాకా ఆ కాగితాలు రెండూ దాదాపు ఒకేలా ఉండేవి. ఈ ఏడే తేడా మొదలైంది. ఈ వారం ముప్పై ఒక్క బంతులకు ఓరిన్ ఇరవై రెండు ప్లస్‌లు పెట్టాడు. బ్రెకెన్ తనకు తాను తొమ్మిది పెట్టుకున్నాడు.

బాకీ కళ్ళజోడు సర్దుకుని ఒక కాగితం, ఇంకో కాగితం చూశాడు. "మీరిద్దరూ చూసింది ఒకటే మ్యాచ్ కదా?"

"వీడు తన్ను తాను మరీ తిట్టుకుంటాడు కోచ్" అన్నాడు ఓరిన్.

బ్రెకెన్ పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, బూట్లకు బీట్ పొలం బురద ఎండి ఉంది. బల్ల కింద ఆ బురదను ఒక కాలితో ఇంకో కాలికి గీకుతున్నాడు.

"సరే, ఏడో బంతి. ఓరిన్, నువ్వు ప్లస్ అన్నావు."

వీడియో కదిలింది. బ్రెకెన్ నాలుగు అడుగులు వెనక్కి వేసి, మీదికి వస్తున్న ఇద్దరి తలల మీదుగా విసిరాడు. బాకీ ఆపాడు.

"అవతలివాడి వెనక ఒక్క మూర చోటుంది. అక్కడికే విసిరాడు. మనవాడు పట్టుకోలేకపోయాడు గానీ, వీడి తప్పేముంది?" అన్నాడు ఓరిన్.

"నేను ఆ చోటు చూడలేదు కోచ్" అన్నాడు బ్రెకెన్. "ఇద్దరు మీదికొస్తుంటే భయమేసింది. వదిలేశాను, అంతే."

బాకీ ఓరిన్ వైపు చూడకుండా కాగితం మీద వేలు కిందికి జరిపాడు. "పన్నెండు."

పన్నెండో బంతి ఊళ్ళో తిట్టేవాళ్ళకు కూడా గుర్తుంది. నలభై గజాల దూరం పోయి, చివరి గీత అవతల మనవాడి చేతిలో పడి టచ్‌డౌన్ అయింది, ఆరు పాయింట్లు. దానికి కూడా వాడు మైనస్ పెట్టుకున్నాడు.

"ఇదేంట్రా?" అన్నాడు ఓరిన్. కోపమే వచ్చింది. "ఊరంతా మెచ్చుకున్నదే ఈ ఒక్క బంతి, దాన్ని కూడా..."

"ఎడమవైపు చూడండి కోచ్. రైకర్ ఒంటరిగా ఉన్నాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను అటు తలే తిప్పలేదు. కుడివైపు అదృష్టం కొద్దీ దొరికింది."

బాకీ వెనక్కి తిప్పి మళ్ళీ ఆపాడు. తెర ఎడమ అంచులో మన జట్టు కుర్రాడొకడు చేయి పైకెత్తి ఊపుతూ పరిగెత్తుతున్నాడు. ఓరిన్ ఇంట్లో ఆ వీడియో నాలుగుసార్లు చూశాడు. ఆ చేయి ఒక్కసారి కూడా కనబడలేదు.

"పంతొమ్మిది" అన్నాడు బాకీ. "ఇది వెళ్ళి అవతలివాడి ఒళ్ళో పడింది. దీనికి ప్లస్ పెట్టుకున్నావేం బాబూ?"

"మనవాడు కాలు జారి పడ్డాడు కోచ్. జారకపోతే అది వాడిదే." బ్రెకెన్ మొదటిసారి తలెత్తాడు. "ఇది మళ్ళీ వేయమన్నా ఇలాగే వేస్తాను."

బాకీ కాగితం తిరగేసి బల్ల మీద పెట్టాడు. తర్వాత, "వెళ్ళి కాసేపు బయట కూర్చో. ఓరిన్‌తో మాట్లాడాలి" అన్నాడు.

తలుపు పడ్డాక బాకీ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"రేపు పొద్దున్న కాగితం అంటించాలి. డాల్టనా, వీడా? ఊరంతా ఏమంటోందో నాకు తెలుసు. నువ్వేమంటావో చెప్పు."

"ఆడించండి కోచ్. ఇంకొంచెం ఓపిక పట్టండి. మూడే మ్యాచ్‌లు. ఇప్పుడు తీసేస్తే వాడు..." ఓరిన్ తలుపు వైపు చూశాడు. "జీవితాంతం ఆలోచిస్తూ ఉంటాడు. ఎందుకు తీసేశారా అని."

"ఓరిన్, నువ్వు వాణ్ణి వెనకేసుకొస్తున్నావా, నిన్ను నువ్వా?"

ఓరిన్ తన కాగితం చూసుకున్నాడు. ఇరవై రెండు ప్లస్‌లు. పోనీ, తను అబద్ధమాడాడా అంటే, లేదు. ప్రతి బంతి దగ్గరా వీడియో ఆపి చూశాడు. కానీ బంతి ఆ పిల్లవాడి చేతిలో ఉన్నంతసేపూ అది తన చేతిలోనే ఉన్నట్టుండేది. ఆ మూర చోటు తనకు కనబడింది. తనైతే అక్కడికే విసిరేవాడు. ఆరు వారాలుగా ఆ కాగితం మీద అతను మార్కులు వేసుకున్నది తనకే.

మామూలుగా అయితే అక్కడితో ఊరుకునేవాడు. ముప్పై ఏళ్ళుగా ఊరుకున్నవాడే. ఆ మధ్యాహ్నం ఊరుకోలేకపోయాడు.

"నన్నెందుకు తీసేశారు కోచ్?"

ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని బాకీ కూడా చాలా ఏళ్ళు ఎదురుచూసినట్టే ఉన్నాడు.

"నీ చేతిలో ఏ లోపమూ లేదు. వీడి చేయి కంటే మంచి చేయి నీది. అది కాదు. నీ కాగితాలు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మొదటి ఆదివారం ఇరవై ఆరు బంతులు, ఇరవై ఆరు ప్లస్‌లు. రెండో ఆదివారం అన్నీ ప్లస్‌లే. మూడోసారీ అంతే. ఒక్క మైనస్ పెడతావని చూశాను ఓరిన్. ఒక్కటి. తన తప్పు కనబడనివాడికి నేనేం నేర్పగలను అనుకున్నాను. ఐదో వారం ఇక చూడటం మానేశాను."

ఓరిన్‌కు ఆ కాగితాలు గుర్తున్నాయి. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పెన్సిల్ గట్టిగా నొక్కి పట్టి గీసిన ఆ ప్లస్ గుర్తులన్నీ గుర్తున్నాయి.

"నాకు కనబడేవి కోచ్" అన్నాడు. "ఎక్కడ తప్పు వేశానో ప్రతిదీ కనబడేది. మైనస్ పెడితే తీసేస్తారేమోనని భయపడ్డాను."

బాకీ తలెత్తి చూశాడు.

"అది నేను అడగనే లేదు" అన్నాడు. "ఒక్కసారి పిలిచి అడిగి ఉండాల్సింది. నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. పదహారేళ్ళ పిల్లాడి మనసు కాగితం చూస్తే తెలిసిపోతుందనుకున్నాను. తప్పు నాది."

ఆ మాట కోసం ఓరిన్ ముప్పై ఏళ్ళు కాచుకున్నాడు. కలల్లో చాలాసార్లు విన్నాడు. తీరా విన్నాక అందులో గెలిచినట్టేమీ లేదు. ఇద్దరూ చెరొక మాట అనుకుని ఉంటే సరిపోయేదన్న సంగతి ఒక్కటే ఆ గదిలో మిగిలింది. ఏడుపు వచ్చేలా ఉంటే కిటికీ వైపు తిరిగాడు.

అటు తిరిగే చెప్పాడు. "నా కాగితం పక్కన పెట్టేయండి. అది పనికిరాదు. వాడు బాగా ఆడటం లేదు, మైలో అన్నదాంట్లో అబద్ధం లేదు. శుక్రవారం కూడా ఓడిపోవచ్చు. కానీ టచ్‌డౌన్‌కి మైనస్ పెట్టుకున్నవాడు, బంతి పోగొట్టుకున్నచోట ప్లస్ పెట్టి నిలబడ్డవాడు ఇంతవరకు మీ దగ్గరికి వచ్చాడా?"

"లేదు."

"అయితే వాడి కాగితం చూసి ఆడించండి."

బాకీ పెన్ తీసి రేపటి కాగితంలో మొదటి గడి నింపాడు. పేరు రాశాక ఓరిన్‌కు కనబడేలా కాస్త తిప్పి పెట్టాడు.

బ్రెకెన్ బయట పికప్ ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చున్నాడు. పొలాల మీది నుంచి గాలి గట్టిగా వీస్తోంది. దూరంగా బీట్ లారీలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుతూ పోతున్నాయి. ఓరిన్‌ను చూసి కిందికి దిగాడు.

"డాల్టనేనా కోచ్?"

"కాదు, నువ్వే. మూడు మ్యాచ్‌లూ."

వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాడు. వాడు తల ఊపి, బూటు మీది బురద వైపు చూశాడు. "డాల్టన్‌కి బడిలో ఇదే ఆఖరి ఏడు. వాడితో నేనే చెప్పనా?"

"చెప్పు. నేనూ వస్తాను."

"మీకో మాట చెప్పాలి కోచ్. మీరు అన్ని ప్లస్‌లు పెడుతుంటే ఇంటికెళ్ళాక మళ్ళీ చూసుకునేవాణ్ణి. మీకు కనబడుతున్నది నాకెందుకు కనబడటం లేదా అని." కాస్త సిగ్గుపడ్డాడు. "ఏడో బంతిలో ఆ చోటు మీకు నిజంగా కనబడిందా?"

"కనబడింది."

"అయితే అది ఎలా చూడాలో రేపు చెప్పండి." ట్రక్కు తలుపు మూయబోతూ ఆగాడు. "అప్పట్లో మీరు బాగా వేసేవారట కదా. మా తాతయ్య అంటుంటాడు. నిజమేనా?"

ఆ ప్రశ్నకు జవాబు ఓరిన్ దగ్గర ముప్పై ఏళ్ళుగా సిద్ధంగా ఉంది. నోటిదాకా వచ్చింది కూడా.

"తెలీదురా" అన్నాడు. "నిజంగా తెలీదు."

ట్రక్కు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ అతను కోరుకున్నది ఒక్క శుక్రవారం. హెల్మెట్ పెట్టుకుని, బంతి చేతికి వచ్చి, మళ్ళీ ఒక్కసారి విసిరే శుక్రవారం. ఇప్పుడు అది వద్దు. ఆ ఐదు ఆదివారాల్లో ఏదో ఒకటి కావాలి. ఆ వంటింటి బల్ల దగ్గర మళ్ళీ కూర్చుని, ఒక్క బంతి పక్కన మైనస్ గీసి, ఆ కాగితం పట్టుకెళ్ళి కోచ్ ముందు పెట్టాలని అతనికి ప్రాణం కొట్టుకుపోయింది.