మిషను ఆపాక చెప్పిన మాట

పెడనలో చౌడయ్య ఇంట్లో పొద్దున ఆరింటికి రేడియో పెడితే మళ్లీ సాయంత్రం ఆయన మగ్గం దిగినప్పుడే కట్టేయడం. దేశమంతా వచ్చే స్టేషనది. పాటలుండవు, రోజంతా మాటలే. పాటలైతే చెయ్యి వాటి వెంట పోతుందనీ, మాటలైతే పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె దాని దారిన అది నడుస్తుందనీ అనేవాడు.

ఆ గురువారం మాత్రం ఆయనకి పని మీద మనసు లేదు. సాయంత్రం నాలుగింటికి రేడియోలో తమ ఇంటి గురించే కార్యక్రమం. రెండు నెలల కిందట విజయవాడ నుంచి ఆ స్టేషను తరఫున క్రిస్టినా అనే అమ్మాయి వచ్చి, నాలుగు రోజులు వాళ్లింట్లోనే ఉండి, మగ్గం చప్పుడు మొదలుకుని పెళ్లినాటి కబుర్ల దాకా రికార్డు చేసుకుపోయింది. "పిన్నిగారూ" అంటూ నాగవేణి వెనకాలే తిరిగింది. పిల్లల్లేని నాగవేణి, వెళ్లేరోజున తను నేసిన చీర ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

ఆరింటికి వార్తలయ్యాయి. బందరు తీరంలో గాలులున్నాయి, వేటకి వెళ్లొద్దన్నారు. తొమ్మిదింటికి డాక్టరొకాయన మూత్రపిండాల్లో రాళ్ల గురించి చెప్పాడు. పదకొండింటికి కోర్టు సలహాలు. ప్రహరీ గోడ తగాదాలో తమ్ముడి మీద కేసు వెయ్యొచ్చా అని ఎవరో అడిగితే, "ముందు వాణ్ణి భోజనానికి పిలవవయ్యా" అని చౌడయ్యే తీర్పు చెప్పి నవ్వాడు. నాటకం వింటూ అన్నం తిని, ఎప్పట్లాగే కాసేపు నడుం వాల్చాడు.

ఆయనకి నిద్ర పట్టగానే నాగవేణి మగ్గమెక్కింది. మగ్గం చప్పుడుకి మెలకువ వచ్చే మనిషి కాదాయన. పొద్దున నేసిన గుడ్డలో రెండుచోట్ల పోగులు తెగి చిల్లులు పడ్డాయి. ఆ మేరకి అడ్డంగా నేసిన పేక విప్పేసి, తెగిన పోగులు ముడేసి, మళ్లీ అంతవరకు నేసి దిగిపోయింది. మూడేళ్లుగా రోజూ ఇదే పని. ఆయనకి చూపు తగ్గుతోంది. ఆసుపత్రికి వెళ్దామంటే, "చీరలు బాగానే వస్తున్నాయిగా, నా కళ్లకేం?" అని కసిరేవాడు. ఆ సంగతి తెలిసింది ఒక్క క్రిస్టినాకే. అదీ నాగవేణి, రికార్డు చేస్తుంటే "మిషను ఆపమ్మా" అని ఆపించి మరీ చెప్పింది.

నాలుగింటికి ఎదురింటి రావమ్మ, ఆమె భర్త రత్తయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నారు. రేడియోలో మగ్గం చప్పుడు వినిపించింది. చౌడయ్య గొంతు వినిపించింది. ఆయన మురిసిపోయాడు. అంతలో నాగవేణి గొంతు, చాలా మెల్లగా:

"ఆయనకి చూపు ఆనడం లేదమ్మా. పొద్దున నేసింది మధ్యాహ్నం నేను విప్పి నేస్తా. తెలిస్తే ఇంక మగ్గం ఎక్కరు."

వెనకాల వేణువు. తర్వాత క్రిస్టినా: "ప్రేమంటే ఇదేనేమో."

రావమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "అదృష్టవంతుడివయ్యా చౌడయ్యా" అన్నాడు రత్తయ్య. చౌడయ్య తడుముకుంటూ రేడియో కట్టేశాడు. వాళ్లిద్దరూ చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయారు.

నాగవేణి పెరట్లోకి పోయి ఫోను చేసింది.

"ఆపమన్నాను కదమ్మా!"

"చేతిలోది ఆపాను పిన్నిగారూ. మీ కొంగుకి పెట్టిన చిన్న మైకు నడుస్తూనే ఉంది. విన్నాక వదులుకోలేకపోయాను. ఆఫీసులో అందరూ ఏడ్చారు, తెలుసా?"

"ఆయన కూడా విన్నారు."

"బాబాయిగారికి ఈపాటికి తెలిసే ఉంటుందనుకున్నా" అంది క్రిస్టినా. అది అబద్ధమని నాగవేణికి తెలుసు. ఫోను పెట్టేసింది.

లోపల చౌడయ్య మగ్గం మీది గుడ్డని వేళ్లతో తడిమి చూస్తున్నాడు.

"పోయిన నెల షావుకారు మెచ్చుకున్న చీర?"

"సగం మీదేనండీ."

"ఏ సగం?"

ఆమె మగ్గం కింద పడ్డ పోగులు ఏరసాగింది.

"నాకు చెప్పాల్సిన మాట నాలుగు రోజుల పరిచయానికి చెప్పుకున్నావు" అన్నాడాయన. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

ఆ రోజుతో ఆయన మగ్గం ఎక్కడం మానేశాడు. వారం తర్వాత, ఆసుపత్రికి తనే బయల్దేరాడు. నాగవేణి వెంట వెళ్లింది. విజయవాడలో డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతిందంది. పోయిన చూపు ఇక రాదు. ఉన్నకాస్త నిలుపుకోవడానికి చుక్కల మందు వేసుకోవాలి.

"మూడేళ్ల కిందట వచ్చుంటే చాలావరకు కాపాడేవాళ్లం. పనిలో తేడా ఏమీ తెలియలేదా మీకు?" అని అడిగింది.

నాగవేణి తల వంచుకుంది. క్రిస్టినా మీద పెంచుకున్న కోపమంతా ఆ గదిలో తనవైపే తిరిగింది. ఆ పిల్ల ఒక మాట దొంగిలించింది, తను మూడేళ్ల చూపు పోగొట్టింది.

తిరుగు ప్రయాణానికి బస్టాండులో మచిలీపట్నం బస్సు దగ్గర ఆయనకి మెట్టు కనిపించలేదు. నాగవేణి చెయ్యి చాపింది. ఒక క్షణం ఆగి, పట్టుకున్నాడు. సీట్లో కూర్చోగానే వదిలేసి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.