భూషణం తీసేసిన బిళ్ళ

బస్తర్ ఇంకా రాజ్యంగా ఉన్న రోజుల్లో జగదల్‌పూర్ సంత వీధిలో భూషణం ఫొటోలు తీసేవాడు. భద్రాచలం వైపు నుంచి వచ్చి పాతికేళ్లు. భార్య పోయాక ఒక్కడే. పగలంతా హల్బీలో, హిందీలో మాట్లాడి, పొద్దు వాలాక కెమెరాతో తెలుగులో మాట్లాడుకునేవాడు.

అతని కెమెరా అద్దం ముందు దూర్చడానికి చిల్లులున్న ఇత్తడి బిళ్ళలు ఉండేవి. సన్న చిల్లు బిళ్ళ పెడితే బొమ్మ అంచులదాకా ఆకు ఆకూ తేటగా పడేది. కాకపోతే మనుషులు చాలాసేపు కదలకూడదు. బిళ్ళ తీసేసి అద్దం పూర్తిగా తెరిస్తే నడుమనున్న మొహం మెత్తగా వెలిగేది, వెనకున్నవి కరిగిపోయేవి, నాలుగు మూలలా చీకటి కమ్మేది. ఆ చీకటి ఫొటో తీసిన చోట కూడా రెండు మూడు రోజులు ఉండిపోయేది. పెళ్లిళ్లయిన ఇళ్లలో ఆడవాళ్లు ఆ మూలల్లో పెరుగు కుండలు పెట్టుకునేవాళ్లు, చల్లగా ఉంటాయని.

ఒక ఎండాకాలం ఓ అధికారి బంగళాలో పని దొరికింది. అక్కడ పొజ్జే అనే పడుచు నీళ్లు మోసేది. చింతలనార్ అవతల నుంచి నెల రోజుల వెట్టికని పట్టుకొచ్చారు; ఏడాది దాటింది. ఇంటి దగ్గర చంటిపిల్ల.

"పెదనాయనా, తిన్నవా?" అంది మొదటి రోజే, తన ఊరి దోర్లీ భాష కలిసిన తెలుగులో.

ఆ మాట అతన్ని ఎవరూ అడిగి ఎన్నేళ్లయిందో. రెండు రోజుల పనిని ఎండ బాగాలేదనీ, మబ్బు పట్టిందనీ పది రోజులు సాగదీశాడు.

"రేపటితో నీ పని అయిపోతదంట గదా," అంది పొజ్జే పదో రోజున. "గేటు కాడ సిపాయి చూపు తప్పితే చాలు, నేనూ పోదును. అడవిల పడ్డంక నన్నెవడు పడతడు?"

భూషణం బిళ్ళలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకున్నాడు. ఆమె పోతే తనకింక ఎవరున్నారు?

మర్నాడు పొద్దున నౌకర్లందరినీ గేటు ముందు నిలబెట్టారు. చివరి మనిషి మొహం కూడా కనపడాలన్నాడు సాహెబ్. భూషణం సన్న చిల్లు బిళ్ళ దూర్చి, నల్లగుడ్డ కింద తల పెట్టాడు. వరస కొసన పొజ్జే తలకిందులుగా, తేటగా కనిపించింది. చాలాసేపు అలాగే చూశాడు.

తర్వాత బయటికొచ్చి బిళ్ళ లాగేసి జేబులో వేసుకున్నాడు.

"బిడ్డా, ఇంకో రెండడుగులు గేటు దిక్కు జరుగు."

పొజ్జే అతని చేతివంక చూసింది. జరిగింది. అతను అద్దం మీది మూత తీసి మళ్లీ పెట్టాడు. మూలలు నల్లబడ్డాయి, గేటు స్తంభంతో సహా.

"నువ్వు గూడ రారాదె, పెదనాయనా?" అంది చీకట్లోంచి గొంతు.

"ఈ బరువుతోని యాడికొస్తనమ్మా? నువ్వు పో."

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడు సాహెబ్.

"కెమెరాతో, సాహెబ్."

అతని సంగతి ఊరందరికీ తెలిసిందే. ఎవరూ తల తిప్పలేదు. మధ్యాహ్నం వెతికారు గానీ అప్పటికే ఆమె అడవి చేరింది.

వానలు వెనకబట్టాక చింతపండు అమ్ముకోను వచ్చిన ఇర్మా అనే మనిషి అతని గుమ్మం ముందు ఆగాడు.

"పొజ్జే చెప్పమన్నది. అయిదో నాడు ఇల్లు చేరింది. పిల్ల గుర్తుపట్టలే, ఏడ్చింది. మర్నాడు తల్లి పక్కల పండింది. ఇప్పుడందరూ గోదారి అవతలున్నరు."

సంతకు పొద్దుపోతోందని ఇర్మా కావడి ఎత్తబోయాడు. భూషణం దాని మీద చెయ్యి వేశాడు.

"కూసో నాయనా," అన్నాడు. "పిల్ల ఎట్ల ఏడ్చిందో ఇంకోపాలి చెప్పు."