కోయని పుటలు

రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఎవరైనా తెలుగు నవల మొదలుపెడితే ఇంటావిడ ముందు అడిగేది ఒకటే, ఇందులో ఎంతమంది ఉన్నారని. రచన బాగుంటే అందులోని మనుషులు చదివేవాళ్ళ ఇంటికి వచ్చేవారు. వాళ్ళకీ అన్నం వండాలి కదా. పుస్తకం అయిపోగానే వెళ్ళిపోయేవారు. కథలో చచ్చిపోయేవాళ్ళు మాత్రం ఆ ఇంటి అరుగు మీదే పోయేవారు.

గూడ్సు గార్డు భీమారావు రెండు నవలలు రాశాడు. క్వార్టర్లలో అందరూ చదివారు. ఏ ఇంటికీ ఎవరూ రాలేదు.

తెల్లదొరలు వెళ్ళిపోయిన మరుసటేడు, బుకింగ్ క్లర్కు సూరిబాబు తన తొలి నవల తెచ్చి భీమారావు చేతిలో పెట్టాడు.

"ఆఖర్న పైడమ్మని బండి కింద పడేశాను గురువుగారూ. ఏడవకుండా ఉండలేరు. ఆదివారం సభలో మీరే మాట్లాడాలి."

తప్పులు పట్టుకుందామనే భీమారావు పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. మొదటి అధ్యాయం కాకుండానే గేటు దగ్గర దగ్గు వినిపించింది. ఇంజిన్ బూడిదలో బొగ్గులేరుకునే మనిషి, బుట్టతో నిలబడి ఉంది.

"ఎంతమంది?" వంటింట్లోంచి అడిగింది భార్య తాయారమ్మ.

"ఒకర్తే. పైడమ్మ."

ఆ పూట పైడమ్మ మారు వడ్డించుకుని తింది. భీమారావుకే ముద్ద దిగలేదు.

శనివారానికి చివరి అధ్యాయం మిగిలింది. ఆ పుటలు ప్రెస్సులో మడిచినవి మడిచినట్టే ఉన్నాయి, కోస్తేగాని చదవడానికి లేదు. చాకు తీశాడు. పెరట్లో పైడమ్మ గొంతు వినిపిస్తోంది.

"కుంపటి ఇలాగేనేటమ్మా అంటించడం? ఊదూది సచ్చిపోతావు, లెగు."

తాయారమ్మ పడీపడీ నవ్వుతోంది. భీమారావు చాకు జేబులో వేసుకున్నాడు.

మర్నాడు సూరిబాబు వచ్చాడు. ఆ గొంతు వినగానే పైడమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

"క్యా గురువుగారూ, ఖతం అయిందా? ముగింపు ఎలా ఉంది?"

"చదవలేదు. చదవను."

"సభలోనూ అదే చెబుతారా?"

"అడిగితే అదే."

సూరిబాబు మొహం కందిపోయింది. "అసూయండీ మీకు."

"ఉంది," అన్నాడు భీమారావు.

పైడమ్మ వచ్చిందని చెప్పొచ్చు. చెబితే సూరిబాబు ఆమెని చూడాలంటాడు. చూస్తే ముగింపు తనే చదివి వినిపిస్తాడు. భీమారావు చెప్పలేదు. సూరిబాబు మళ్ళీ అతనితో మాట్లాడలేదు.

నవలలో పైడమ్మ ముప్పై దాటదు. కొన్నేళ్ళకి ఓ మధ్యాహ్నం తాయారమ్మ ఆమెకి తల దువ్వుతూ ఆగింది.

"తెల్ల వెంట్రుకే! పీకెయ్యనా?"

"ఉండనీ అమ్మా," అంది పైడమ్మ.