పోలీసావిడ గొంతు

ఆ పోలీసావిడ ఇంట్లో సింకు నిండా గిన్నెలు. నాలుగు ఎపిసోడ్లుగా అవి అలాగే పడున్నాయి. ఒక కప్పులో బూజు కూడా పట్టింది. మా అత్తగారు ఆవిడని ఒక్క మాట అనలేదు. అదే నేను ఒక చెంచా తోమడం మర్చిపోతే మర్నాడు మధ్యాహ్నం దాకా మా ఇంట్లో ఆ చెంచా గురించే చర్చ. నేనిది గిన్నెలు తోముతూనే గమనించాను. మా వంటింటి గుమ్మంలోంచి హాల్లో టీవీ సగం కనిపిస్తుంది. మిగతా సగం నాకు చూడక్కర్లేదు.

రోజూ నాలుగింటికి అత్తగారు మోకాళ్ళ మీద శాలువా కప్పుకుని టీవీ ముందు కూర్చుంటారు. స్కాండినేవియా దేశాల నేరాల సీరియల్, మన భాషలోకి డబ్బింగ్ చేసింది. మొదటి ఐదు నిమిషాల్లో ఒక శవం, ఆ తర్వాత పది ఎపిసోడ్ల మంచు. అక్కడ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోతుంది. ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఎవరూ చెప్పాపెట్టకుండా భోజనానికి దిగరు. "శవం లేస్తే గానీ మీ అత్తయ్యకి కాఫీ దిగదు" అని మామగారు పేపరు వెనకనుంచి అంటూ ఉంటారు. పాటల్లేవు, నవ్వుల్లేవు, ఆ ఏడుపుగొట్టు మొహంలో ఏముందని చూస్తావమ్మా అని మా ఆయన కూడా అడిగాడు ఒకసారి. అత్తగారు కళ్ళు తిప్పకుండా జవాబిచ్చారు.

"ఆ అమ్మాయి గదిలోకి వస్తే మగాళ్ళందరూ నోరు మూసుకుంటార్రా. అది చూడ్డానికి."

ఆ రోజే నేను చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, అత్తయ్యా, ఇంకో కప్పు కాఫీ పెట్టనా, ఇప్పుడు పర్లేదా అన్నాను. ఆవిడ చెయ్యి పైకెత్తారు.

"నువ్వు కాసేపు మాట్లాడకు. ఆవిడ మాట్లాడుతోంది."

నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఇంకోటి కూడా వచ్చింది, దాన్ని గర్వం అనే అంటారనుకుంటాను. ఎందుకంటే ఆ టీవీలో మాట్లాడుతున్నది నేనే. ఆ పోలీసావిడ గొంతు నాది. ఆవిడ మాటలే కాదు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం, శవం మీద గుడ్డ తీసినప్పుడు పీల్చే ఊపిరి, అన్నీ నావే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా అత్తగారు పది ఎపిసోడ్లుగా ఆ చెట్టు మందే తాగుతూ చెట్టుని మాత్రం పక్కకి తప్పుకోమంటున్నారు.

చెప్పలేదా అంటే, చెప్పాను. పదకొండేళ్ళుగా డబ్బింగ్ చెబుతున్నాను. ఎక్కువగా జనం గోలలో ఒక కేక, ఫోన్లో 'దయచేసి వేచి ఉండండి', పిల్లల కార్టూన్లో ఒక ఉడత. ఆ ఉడతే నన్ను పట్టుకుంది. మా ఆయన ఆఫీసు వాళ్ళకి నన్ను పరిచయం చెయ్యాలంటే "మా ఆవిడ ఉడతకి గొంతిస్తుంది, ఒకసారి అను" అంటాడు. నేను అంటాను. అందరూ నవ్వుతారు. నేను టీ కప్పులు తియ్యడానికి వెళ్తాను. ఇంట్లో కూడా ముద్దుగా ఉడత అనే పిలుస్తాడు. ఈ పెద్ద వేషం వచ్చిన రోజు భోజనాల దగ్గర అందరికీ చెప్పాను, పది ఎపిసోడ్లు, ముఖ్య పాత్ర అని. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "మళ్ళీ ఉడతేనా?" అన్నాడు. కాదండీ, పోలీసు అన్నాను. "ఓహో, పోలీసు ఉడతా" అన్నాడు. మామగారికి పొలమారింది, అత్తగారు ఆయన వీపు నిమిరారు, నేను మంచినీళ్ళు అందించాను, సంగతి అక్కడితో సరి. రెండోసారి చెప్పడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. ఎపిసోడ్ చివర మా పేర్లు చీమల్లా వస్తాయి, అవి సగం ఎక్కేలోపే తర్వాతి ఎపిసోడ్ మొదలైపోతుంది.

ఆ గొంతు నాకు ఊరికే రాలేదు. డబ్బింగ్ డైరెక్టర్ ఒక పెద్దావిడ, మెడలో కళ్ళద్దాలు వేలాడేసుకుని, తిడితే కూడా అమ్మా అనే తిడుతుంది. మొదటిరోజు నాకిచ్చిన మాట రెండే ముక్కలు, 'తలుపు తెరవండి.' ఇరవై మూడుసార్లు చెప్పించింది. పెదాలకి సరిపోతోంది, కొలత సరిపోతోంది, ఆవిడ మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి నేను మైకు ముందు నిలబడ్డ గాజు గదిలోకే వచ్చేసింది.

"నువ్వు తలుపు తెరవమనట్లేదమ్మా. తెరిస్తే మీకేమన్నా ఇబ్బందా అని అడుగుతున్నావు. గొంతులోంచి ఆ బతిమాలుడు తీసెయ్."

తీసెయ్యమంటే అదేమన్నా చొక్కాకి అంటుకున్న దారమా? నాలో అదెక్కడుందో ఆవిడ చెప్పేదాకా నాకే తెలియదు. ఆ క్షణం నించి వెతుక్కుంటే ఎక్కడ చూసినా అదే. పర్లేదా, ఏమనుకోరుగా, మీకు వీలైతేనే, ఒక్క నిమిషం విసిగిస్తున్నాను. నా ప్రతి వాక్యం చివరా ఒక తోక ఉంది. నా చీపురు ఎక్కడుందో అడిగినా క్షమించమన్నట్టే అడుగుతాను. అప్పుడొక వాన రోజు గుర్తొచ్చింది. రెండు చేతుల్లో కూరగాయల సంచులతో తడిసి ముద్దయి మోచేత్తో బెల్లు కొట్టాను. లోపల టీవీ ముందునించి మా ఆయన "తాళంచెవి నీ దగ్గరుందిగా" అని అరిచాడు. నేను బయటనించి, కాస్త తీస్తారా, చేతులు ఖాళీ లేవు, పర్లేదా అన్నాను. ఆ గుమ్మం ముందు ఏమనాల్సిందో ఇరవై నాలుగోసారి మైకు ముందు అన్నాను. డైరెక్టరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను కాసేపు చూసింది. "ఇదీ," అంది.

మొదటి సీజన్ ఆ మాటతోనే అయిపోతుంది. పోలీసావిడ మంచులో, మూసిన తలుపు ముందు నిలబడి 'తలుపు తెరవండి' అంటుంది. తెర నల్లబడుతుంది. ఆ తలుపు వెనక ఎవరున్నారో తెలియక మా అత్తగారు మూడు నెలలుగా గింజుకుంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఆ చివరి ఎపిసోడే మళ్ళీ పెట్టుకున్నారు. నేను మేడ మీద బట్టలు ఆరేసి దిగేసరికి మా ఆయన నా ఫోన్లో మాట్లాడుతున్నాడు. "లేదండీ, ఈ రెండు నెలలూ తనకి కుదరదు. మా చెల్లెలి ఇంటికి రంగులు వేయిస్తున్నారు, వాళ్ళు నలుగురూ మా దగ్గరే ఉంటారు. వేరేవాళ్ళని చూసుకోండి" అని పెట్టేశాడు. నన్ను చూసి, మీ స్టూడియో వాళ్ళే, రెండో భాగమట, నేనే చెప్పేశాన్లే అన్నాడు. నాకు ఓ శ్రమ తప్పించినట్టు మొహం. "ఉడత గొంతు ఎవరైనా ఇస్తారు."

నా గొంతు. దాన్ని నన్నడక్కుండా వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. నాకు ఏడుపు రాలేదు. చాలా నెమ్మదిగా, చాలా స్పష్టంగా కోపం వచ్చింది. చెయ్యి చాపాను.

"ఫోన్ ఇవ్వండి."

ఆయన ఇచ్చేశాడు. ఇచ్చాక ఎందుకిచ్చానా అన్నట్టు తన చెయ్యి తనే చూసుకున్నాడు. హాల్లో అత్తగారు రిమోట్ వెతుక్కుని సీరియల్‌ని ఉన్నచోటే ఆపేశారు. తెర మీద పోలీసావిడ పెదాలు కదలకుండా ఆగిపోయింది. నేను స్టూడియోకి ఫోన్ చేసి, ఇందాక మా ఆయన చెప్పింది నా మాట కాదు, రేపు తొమ్మిదికి వస్తాను అన్నాను. అంతే అన్నాను. చివర ఏ తోకా లేదు.

"మరి చెల్లెలు వాళ్ళొస్తే వంటా గింటా?" అన్నాడాయన.

ఇలాంటి చోట పోలీసావిడ ఆరు సెకన్లు ఆగుతుంది. మా స్క్రిప్టులో ఆ ఆగడం కూడా రాసి ఉంటుంది. నేనూ ఆగాను. మూడో సెకనుకి ఆయన మెడ గోక్కున్నాడు, ఐదో సెకనుకి తనే, సరే, చెల్లీ నేనూ ఏదో చూసుకుంటాంలే అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ ముందే గెలిచాను, ఇల్లే కాస్త ఆలస్యమైంది.

అత్తగారు టీవీ కేసి చూశారు, నా కేసి చూశారు, మళ్ళీ టీవీ కేసి. శాలువా పక్కన పెట్టి, సోఫాలో పక్కకి జరిగి, నాకు చోటిచ్చారు. ఈ ఇంటికొచ్చాక నాలుగింటికి నేను ఆ సోఫాలో కూర్చోవడం అదే మొదలు.

"ఇన్నాళ్ళూ నువ్వేనా?" అన్నారు మెల్లిగా. నేను తలూపాను. ఆవిడ నా తడి చెయ్యి పట్టుకుని ఇంకాస్త దగ్గరికి వంగారు. "మరి నీకు తెలిసే ఉంటుంది. ఆ తలుపు వెనక ఎవరే?"

నిజానికి నాకూ తెలియదు. డైరెక్టరమ్మ ఏ రోజు పేజీలు ఆ రోజే చేతిలో పెడుతుంది. తెలియదత్తయ్యా, ఏమనుకోకండి అనే పాత వాక్యం నాలిక చివరదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసి, కాళ్ళు పైకి పెట్టుకుని, హాయిగా వెనక్కి వాలాను.

"చెప్పను," అన్నాను.