ఏడో నిబంధన

పురపాలక సంఘం ఆఫీసులో రెండో అంతస్తు చివర, మెట్ల పక్కన, సోదరి నగరాల విభాగం ఉంది. విభాగం అంటే ఏదో ఊహించుకునేరు. రెండు బల్లలు, ఒక బీరువా, గోడ మీద రంగు వెలిసిపోయిన అవతలి ఊరి ఫొటో, అంతే. ఒక బల్ల సెక్షన్ ఆఫీసరుది, రెండోది దుబాసమ్మది. ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. అవతలి ఊరి భాష వచ్చిన మనిషి ఆఫీసు మొత్తానికి ఆవిడొక్కతే కాబట్టి అందరి నోటా దుబాసమ్మే అయిపోయింది. అక్కడి మాట ఇక్కడికి, ఇక్కడి మాట అక్కడికి మొయ్యడం ఆవిడ పని. పదమూడేళ్లుగా మోస్తోంది.

రెండు ఊళ్లకూ స్నేహం కుదిరిన ఏడాది రెండు చోట్లా పొలిమేరలో ఒక్కో స్తంభం నిలబెట్టారు. ఇక్కడి స్తంభం మీద బాణం గుర్తు, అవతలి ఊరి పేరు, ఎన్ని కిలోమీటర్లో అంకె. అక్కడి స్తంభం మీద మన ఊరి పేరు, అదే అంకె. మనది బైపాస్ రోడ్డు మొదట్లో, లారీల దుమ్ములో ఉంది. పిట్టలు తప్ప దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. దాని లైటు మాడిపోతే మార్చేది మాత్రం దుబాసమ్మ భర్త. వీధి దీపాల లైన్‌మన్ ఆయన.

ఈసారి సెలవుల్లో రెండు ఊళ్లూ పిల్లల్ని మార్చుకున్నాయి. ఇక్కడి పన్నెండుమంది మూడు వారాలు అక్కడ, అక్కడి పన్నెండుమంది ఇక్కడ. జతలు కట్టేశారు: మీ పిల్ల మా ఇంట్లో, మా పిల్ల మీ ఇంట్లో. దానికి నిబంధనలు రాసింది ఎవరనుకున్నారు? దుబాసమ్మే, రెండు భాషల్లోనూ. పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదన్నది రెండోది, ఇంట్లోవాళ్లతో కలవాలని. ఇక్కడి సాయంత్రం ఆరింటికి, అంటే అక్కడి ఎనిమిదింటికి, తల్లులిద్దరూ మాట్లాడుకోవాలన్నది ఆరోది. ఇక ఏడోది ఇది: "స్వల్ప విషయాలకు అవతలి కుటుంబమును కలవరపెట్టరాదు. ముందు సరిదిద్దుకొని, పిమ్మట తెలియజేయవలెను."

ఆ ఏడోది రాసినప్పుడు సెక్షన్ ఆఫీసరు కళ్లజోడు తీసి మరీ మెచ్చుకున్నాడు. దుబాసమ్మకూ అది చాలా ముద్దొచ్చింది. మామూలు జలుబుకీ అలకకీ రెండు దేశాలు అట్టుడికిపోకూడదు కదా అనుకుంది.

తన కూతురు బుడ్డది పదకొండేళ్లది. అక్కడ ఒక పళ్ల డాక్టరమ్మ ఇంట్లో ఉంది. ఆ పళ్ల డాక్టరమ్మ కూతురు ఇక్కడ, దుబాసమ్మ ఇంట్లో. బుడ్డది పుట్టిన ఏడాదే పుట్టింది, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆ పిల్ల పేరు అత్తగారికి నోరు తిరక్క, కొత్తపిల్లా అని పిలిచేది. ఆ పిల్లకూ అదే అలవాటైపోయింది.

పదిహేనో రోజు శనివారం. మధ్యాహ్నం మూడింటికి కొత్తపిల్ల చెప్పులేసుకుని, వీధి చివరి లైబ్రరీలో పుస్తకం ఇచ్చేసి వస్తానంది. నాలుగు అడుగుల దూరం, రోజూ వెళ్లేదే. "అరగంటలో వచ్చెయ్యాలి" అంది దుబాసమ్మ, బట్టలు మడతపెడుతూ. తల కూడా ఎత్తి చూడలేదు.

మూడున్నరకు రాలేదు. నాలుగింటికి దుబాసమ్మ తనే వెళ్లింది. లైబ్రరీ తలుపుకు తాళం. శనివారం ఒంటిపూటేనని ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. పుస్తకం మాత్రం తలుపు కింద సందులోంచి లోపలికి తోసి ఉంది, దాని మూల బయటికి కనిపిస్తోంది. పుస్తకం వచ్చింది. పిల్ల వచ్చింది. మరి పిల్ల ఎటు పోయినట్టు?

మందుల షాపులో అడిగింది, చూడలేదన్నారు. ఇస్త్రీ బండి అతను ఏదో పిల్ల పోతుంటే చూశానన్నాడు, ఎటో చెప్పలేకపోయాడు. పార్కు, బడి గేటు, బస్టాపు, మళ్లీ పార్కు. మన భాషలో నాలుగు ముక్కలకు మించి రాని పిల్ల. దారి అడగాలన్నా నోరుండాలి కదా.

ఇంటికొచ్చేసరికి భర్త డ్యూటీ దిగి వచ్చాడు. సంగతి విని స్కూటరు స్టాండు కూడా వెయ్యలేదు, అలాగే తిప్పుకుని వీధుల మీద పడ్డాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని, "పరాయి బిడ్డని ఇంటికి తెచ్చుకునేటప్పుడు కళ్లు నెత్తి మీద పెట్టుకోకూడదమ్మాయ్" అంది. తరవాత ఏడ్చింది. తిట్టిన నోటితోనే ఏడ్చేసరికి దుబాసమ్మకు ఇంకా భయమేసింది.

అయిదింటికి సెక్షన్ ఆఫీసరుకు ఫోన్ చేసింది.

"పోలీసులకి చెప్దాం సార్" అంది.

"ఆగండాగండి. పోలీసులంటే రేపు పేపర్లో వస్తుంది. సోమవారం మేయరుగారు అవతలి ఊరికి బయల్దేరుతున్నారు. ఎక్కడో ఆడుకుంటూ ఉంటుంది, గంట చూడండి."

"ఆరింటికి ఆవిడతో మాట్లాడాలి సార్. ఏం చెప్పను?"

"బాగుందని చెప్పండి. ఏడో నిబంధన రాసింది మీరేగా?" అన్నాడు ఆయన, ఎంత తాపీగా అంటే, ఫైలు మీద సంతకం పెడుతున్నట్టు.

ఆ గంటా ఎలా గడిచిందో ఆవిడకే తెలియాలి. వాకిట్లోకీ వంటింట్లోకీ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కొత్తపిల్ల పక్క సర్దింది, మళ్లీ పీకేసింది. మంచం కింద మేజోళ్లు కనిపిస్తే ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నా బిడ్డ వాళ్ల ఇంట్లో ఉంది. వాళ్ల బిడ్డని నేను పోగొట్టాను. ఇంక వాళ్ల దగ్గర ఏ మొహం పెట్టుకుని నా బిడ్డని అడగను? ఆ ఆలోచన ఎంత నీచంగా ఉందో తెలిసి కూడా వదల్లేదు. రెండు తక్కెడ పళ్లాల్లో ఇద్దరు పిల్లలు కూర్చున్నట్టు, ఒకటి ఖాళీ అయిపోయినట్టు, రెండోది పడిపోతున్నట్టు కనిపించింది.

ఆరయింది. ఫోన్ మోగింది.

పళ్ల డాక్టరమ్మ గొంతు ఎప్పటిలాగే సన్నగా, మర్యాదగా ఉంది. ఎండలెలా ఉన్నాయంది. ఇక్కడ మండిపోతున్నాయని దుబాసమ్మ అంది. అక్కడ కాస్త మబ్బు పట్టిందని ఆవిడంది. అంతా అవతలి ఊరి భాషలోనే.

"మా అమ్మాయిని పిలుస్తారా?"

"స్నానం చేస్తోందండి" అంది దుబాసమ్మ. గోడకు ఆనుకుంది.

"స్నానమా? ఈ వేళప్పుడా?"

"ఆడుకుని వచ్చిందిగా, చెమటలు." ఇంకొక్క ప్రశ్న పడితే ఏడ్చేస్తుంది. అందుకే గబగబా తనే అడిగేసింది: "మాదాన్ని ఒకసారి ఇవ్వరూ?"

"నిద్రపోయిందండి. బాగా అలసిపోయింది, పాపం."

అక్కడ ఎనిమిదయింది. బుడ్డది పుట్టిన పదకొండేళ్లలో పది దాటకుండా కన్ను మూసిన రోజు లేదు. జ్వరమొచ్చినా సరే, తాతయ్య పోయిన రోజైనా సరే. పక్క మీద పడేస్తే లేచి కూర్చునే రకం. ఎనిమిదింటికి నిద్రట.

దుబాసమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. అబద్ధం ఎలా ఉంటుందో ఆవిడకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే ఒక్క నిమిషం కిందట తనూ అలాంటిదే చెప్పింది. సరిగ్గా అలాంటి గొంతుతోనే. స్వల్ప విషయాలకు కలవరపెట్టరాదు. ఆ ముక్క అవతలి భాషలో ఎంత అందంగా కుదిరిందో, దానికోసం రెండు రోజులు ఎలా మాటలు వెతికిందో గుర్తొచ్చింది. డాక్టరమ్మ ఆ కాగితాన్ని చదివే ఉంటుంది. పద్ధతి గల మనిషి, అక్షరం తప్పకుండా పాటిస్తుంది.

నిజం అడగాలంటే ముందు తను చెప్పాలి. వేరే దారి లేదు. ఆఫీసూ మేయరూ ఉద్యోగమూ అన్నీ ఒక్కసారి కళ్లముందు కనిపించాయి, ఒక్కసారే పోయాయి.

"నేను అబద్ధం చెప్పానండి" అంది. "మీ అమ్మాయి స్నానం చెయ్యట్లేదు. మూడింటి నించీ కనపడటం లేదు. ఊరంతా వెతుకుతున్నాం. తప్పు నాదే. మీ కాళ్లకి దండం పెడతాను, నా బిడ్డ ఎలా ఉందో నిజం చెప్పండి."

ఈసారి అవతలినించి వచ్చిన గొంతులో మర్యాద ఎక్కడా లేదు.

"మీ పిల్ల కూడా లేదు. అయిదింటికి బయటికెళ్లింది. మీరు రాసిన కాగితం చూసి... ముందు వెతికి, తరవాత చెబుదామని..."

ఇద్దరు తల్లులూ రెండు దేశాల్లో ఒకేసారి ఏడవడం మొదలుపెట్టారు. ఇంకో రోజైతే ఇద్దరూ తిట్టుకునేవాళ్లే. ఆ వేళ ఎవరికీ ఆ ఓపిక లేదు. ముందుగా దుబాసమ్మే ఏడుపు మింగింది. ఆవిడ తలలో ఒక అంకె తిరుగుతోంది. అక్కడ అయిదు. అక్కడ అయిదంటే ఇక్కడ మూడు.

"ఉండండి, ఒక్క నిమిషం ఉండండి. ఇద్దరూ ఒకే వేళకి బయల్దేరారు" అంది.

రెండు ఊళ్లలో ఇద్దరు పిల్లలు ఒకే నిమిషాన ఉత్తినే తప్పిపోరు. అనుకుని వెళ్లారు. ఫోన్లు లేని పిల్లలు ఎప్పుడు అనుకున్నారు? ఉత్తరాల్లో. రాకముందు ఆరు నెలలు ఒకళ్లకొకళ్లు రాసుకున్నారు. ఆ ఉత్తరాలన్నీ ఎవరి బల్ల మీదుగా పోయాయి? మా కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది, నాకు లెక్కలు రావు, నువ్వెంత పొడుగు? టీ చల్లారేలోపు ఒకటి అనువదించి పక్కన పడేసేది. నాలుగో ఉత్తరమో అయిదోదో, సొంత కూతురి గుండ్రటి అక్షరాలు, అడుగున ఆఖరి వాక్యం. తన చేత్తోనే అవతలి భాషలోకి మార్చింది: మూడో శనివారం మీకు ఏడు, మాకు అయిదు కొట్టినప్పుడు నువ్వు మా స్తంభాన్ని పట్టుకో, నేను మీ స్తంభాన్ని పట్టుకుంటా. అప్పుడు ఇద్దరం ఒకచోటే ఉన్నట్టు.

చదివి నవ్వుకుంది కూడా. నవ్వుకుని, స్టాంపు వేసి, మర్చిపోయింది.

"స్తంభం దగ్గర చూడండి" అని అరిచింది ఫోన్లోకి. "మీ ఊరి పొలిమేరలో స్తంభం. బండి తియ్యండి. ఫోన్ పెట్టెయ్యకండి."

ఆ చెవిన ఆ ఫోన్ ఉంచుకునే, అత్తగారి ఫోన్లోంచి భర్తకు చెప్పింది: "ఏమండీ, బైపాస్ స్తంభం. తొందరగా." ఆయన ఏమిటని అడగలేదు. స్కూటరు గేరు మారిన చప్పుడు వినిపించింది, అంతే.

అవతలి ఫోన్లో కారు తలుపు పడింది, ఇంజను కదిలింది. దుబాసమ్మ మంచం అంచున కూర్చుని, మేజోళ్లు పిండుతూ, ఆ ఇంజను వింటూ ఉంది. బైపాస్ మీద సాయంత్రం పూట లారీలు ఎలా పోతాయో ఆవిడకు తెలుసు. అవతలి ఊరి రోడ్డు ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. పదమూడేళ్లుగా ఆ ఊరి గొప్పలు అనువదించింది గానీ, పొలిమేరలో వెలుతురుంటుందో లేదో ఎన్నడూ అడగలేదు.

పావుగంటకు అత్తగారి ఫోన్ మోగింది.

"ఉంది" అన్నాడు భర్త, ఆయాసపడుతూ. "స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కాళ్లు బొబ్బలెక్కాయి, నడవలేక ఆగిపోయిందట. ఏం కాలేదు, బాగానే ఉంది."

అత్తగారు నేల మీద కూలబడింది. దుబాసమ్మ రెండో ఫోన్లో చెప్పింది: "మీ అమ్మాయి దొరికింది. క్షేమం."

అవతల ఇంజను ఆగిపోయింది. పళ్ల డాక్టరమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది, ఎవరికో దండాలు పెట్టుకుంటోంది. దుబాసమ్మ ఒక్క నిమిషం విన్నది. తరవాత ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"ఏడుపు తరవాత. బండి కదపండి. నాది ఇంకా దొరకలేదు" అంది. పదమూడేళ్లలో ఆ భాషలో అంత మోటుగా ఎన్నడూ మాట్లాడలేదు.

బండి కదిలింది. ఆగింది. తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు, గాలి. ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు, ఆ పేరు పలకడం సరిగా రావడం లేదు.

"స్తంభం దగ్గర ఎవరూ లేరు" అంది డాక్టరమ్మ.

అత్తగారు వచ్చి భుజం పట్టుకుంటే, ఆ చెయ్యి ఎవరిదో కూడా దుబాసమ్మకు తెలియలేదు.

"తిరిగి ఊళ్లోకి వచ్చే దారిలో చూస్తాను" అంది డాక్టరమ్మ. "చీకటి పడుతోంది, పెద్ద లైట్లు వేశాను. మెల్లగా పోతున్నాను. పెట్రోలు బంకు దాటాను. ఎవరూ లేరు. వంతెన. ఎవరూ లేరు." మాట మాటకీ చెబుతూనే ఉంది, ఒక్కటీ దాచకుండా. దుబాసమ్మ ప్రతి మాటకూ ఊఁ కొడుతోంది. "బస్సు షెడ్డు. ఎవరో కూర్చున్నారు... ముసలాయన. ఆయన పక్కన..."

బ్రేకు కీచుమంది. తలుపు పడింది.

"అమ్మా" అంది బుడ్డది.

దుబాసమ్మ ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మా, చెప్పు తెగిపోయింది. ఒట్టికాళ్లతో నడిచా. ఆంటీని ఏమీ అనకు, తన తప్పు కాదు. నేనే చెప్పకుండా వచ్చా. నేను పట్టుకున్నానే, సరిగ్గా ఏడింటికి. అది కూడా పట్టుకుందా?"

"పట్టుకుంది."

"నువ్వు భయపడ్డావా?"

లేదమ్మా అనబోయింది. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. పిల్లని ఎందుకు కలవరపెట్టడం, దూరంలో ఉంది, ఇంకో వారం అక్కడే ఉండాలి.

"భయపడ్డాను" అంది దుబాసమ్మ. "చచ్చిపోయేంత భయపడ్డానే. ఇంకా వణుకుతున్నాను."

అవతల బుడ్డది ఏడుపు అందుకుంది. "నేను కూడా అమ్మా" అంది. "చీకటి పడ్డాక చాలా భయమేసింది. కానీ నీకు చెప్పకూడదనుకున్నా."